మాల తీసిన మర్నాడు: మందు మానడం గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖలో మందు, గంజాయి అలవాటు పడ్డవాళ్లకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. కార్తీకం వచ్చిందంటే నా గది ముందు బెంచీ ఖాళీ అవుతుంది, సంక్రాంతి దాటాక నిండుతుంది. గాజువాకలోనో గోపాలపట్నంలోనో ఏ ఇల్లాలిని అడిగినా కారణం చెబుతుంది: "మాలలో ఉన్నన్నాళ్లూ మా ఆయన బంగారం మేడమ్."

అపోహ: దేవుణ్ణి నమ్ముకుంటే తప్ప మందు మానలేరు.

దీక్షలో 41 రోజులు చాలామంది నిజంగానే ముట్టుకోరు. అయితే ఆ రోజుల్ని కాస్త దగ్గర్నుంచి చూడండి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం. సరిగ్గా గ్లాసు గుర్తొచ్చే సాయంత్రం వేళకు పీఠం దగ్గర భజన. "కటింగ్ వేద్దాం రారా" అనే జతగాడే ఎదురొచ్చి "స్వామీ" అని దండం పెడతాడు. నల్లబట్టలతో బ్రాందీ షాపు ముందు నిలబడితే వీధంతా చూస్తుంది. అంటే మనిషి వేళలు మారాయి, తోడు మారింది, పిలుపు కూడా మారింది. భక్తి ఉన్నవాడికి ఇవన్నీ ఒక్క మాలతో వచ్చేస్తాయి. లేనివాడు ఒక్కొక్కటీ కూర్చుకోవాలి. మతంతో ముడిపెట్టని పద్ధతులన్నీ చేసే పని ఈ కూర్చడమే. వాటిలో 42వ రోజుకూ లెక్క ఉంటుంది. దీక్షలో దాని ఊసుండదు.

రిటైరైన ఫిట్టర్ ఒకాయన నా దగ్గరికి వచ్చేవారు. పక్కా నాస్తికుడు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి రెండుసార్లు వెళ్లి మానేశారు. "మనుషులు నచ్చారు మేడమ్, ప్రార్థన దగ్గరే గొంతు పెగల్లేదు" అన్నారు. 1935లో అమెరికాలో మొదలైన ఆ సంఘం మానడానికి చూపే 12 మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకే అన్న వెసులుబాటూ ఉంది. ఈయనకు అదీ మింగుడుపడలేదు. ఇలాంటివాళ్లు అక్కడా ఉన్నారు కాబట్టే 1994 నుంచి స్మార్ట్ రికవరీ అనే పేరుతో మరో దారి నడుస్తోంది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మనస్తత్వవేత్త ఆలోచనలు దానికి పునాది. అందులో నేర్పేవి నాలుగు: మానాలన్న పట్టుదల నిలుపుకోవడం, కోరికను తట్టుకోవడం, ఆలోచనల్నీ ఆవేశాల్నీ సర్దుకోవడం, బతుకులో మిగతావాటికి చోటివ్వడం. మన పేటలో అలాంటి సమావేశం లేకపోయినా ఆ పని కాగితం మీద మొదలుపెట్టొచ్చు.

ఆయన చేతికి కాగితమిచ్చి మధ్యలో గీత గీయమన్నాను. ఒకవైపు మందు తీసుకుపోయినవి, రెండోవైపు ఇచ్చినవి. తీసుకుపోయినవి గబగబా పది రాసేశారు. రెండోవైపు చాలాసేపు పెన్ను ఆడిస్తూ కూర్చుని రెండే రాశారు: "నిద్ర. తమ్ముడితో మాట్లాడే ధైర్యం." మా అసలు పని ఆ రెండు మాటల దగ్గర మొదలైంది.

అలాగని దేవుణ్ణి మానమని ఎవరికీ చెప్పను. 12 మెట్ల దారి పట్టించే చికిత్సల మీద 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచే నివేదిక) చూస్తే, పూర్తిగా మానేసి ఉండే విషయంలో అవి మిగతావాటికి తీసిపోలేదు, కొంచెం మెరుగే. ఎవరికి ఏది కుదిరితే అది.

అపోహ: ఒట్టేసి ఒక్కరోజులో మానేసేవాడే మగాడు.

నాకు భయం వేసేది ఇక్కడే. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరికి లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి. పగలో రాత్రో తెలియదు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మాల వేసిన మూడో రోజు ఒకాయన గోడతో మాట్లాడుతుంటే స్వామి పూనాడని కొబ్బరికాయ కొట్టారు. ఆ రాత్రే పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి మోసుకెళ్లారు.

ఇంకో మాట. నీరసంగా ఉన్నాడని పేటలో గ్లూకోజు బాటిల్ పెట్టించేస్తుంటారు. బాగా తాగేవాళ్లలో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ముందు అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మానే ముందు డాక్టర్‌కి చూపించండి, చినవాల్తేరు మానసిక ఆసుపత్రి అయినా సరే. అక్కడికి వెళ్తే పిచ్చివాడనుకుంటారని ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

అపోహ: మందు మాన్పించే మాత్ర తెలియకుండా చారులో కలిపేస్తే మానేస్తాడు.

డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్నవాళ్లు మందు తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. బీపీ పడిపోతుంది. కలిపిన సంగతి తెలియక ఎప్పటిలాగే ఒక కోటరు లాగించినవాడి పరిస్థితి ఊహించుకోండి. గుండెజబ్బు ఉంటే మరీను. బయటపడ్డాక అతను ఇంట్లో అన్నం కూడా అనుమానంగా తింటాడు. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వేసుకుంటే అదే మాత్ర కొందరికి బాగా పనిచేస్తుంది. తాగాలనే యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటివీ ఉన్నాయి.

అపోహ: కోరిక పుడితే తాగేదాకా పోదు.

పోతుంది. చాలామందికి అరగంటలోపే. అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త దీన్ని కెరటంతో పోల్చాడు: లేస్తుంది, విరుగుతుంది. నేను ఇదే పాఠం చెబుతుంటే జాలరిపేట నుంచి వచ్చిన ఒకతను నవ్వాడు. "కెరటం వస్తుంటే పడవ అడ్డం తిప్పితే బోల్తానే మేడమ్. ముక్కు దానికే పెట్టాలి." ఆ రోజు నుంచి నా పాఠం మారింది. కోరికని తప్పించుకోవద్దు, ఎదురుగా చూస్తూ టైము రాయండి అంటున్నాను. బి షిఫ్ట్ దిగే ఒక కుర్రాడి నోటుబుక్కులో ఇలా ఉంది: "10:10 మొదలైంది. 10:20 చెయ్యి జేబులోకి పోతోంది. 10:35 ఆకలేస్తోంది."

అపోహ: ఒక్కసారి జారితే పడ్డ కష్టమంతా వృథా.

మునిగినవాడికి చలేమిటన్న సామెత ఇక్కడ ప్రాణాలు తీస్తుంది. ఒక గ్లాసు తాగినవాడు ఎలాగూ పోయిందిగా అని బాటిల్ ఖాళీ చేస్తాడు. రెండో గ్లాసు దగ్గర ఆగి నాకు ఫోన్ చేసినవాడిని నేను మెచ్చుకుంటాను. ఇంట్లోవాళ్లకు ఇది నచ్చదు. తర్వాత ఆ రోజు జేబులో ఎంతుంది, పక్కన ఎవరున్నారు అని ఇద్దరం కూర్చుని రాస్తాం.

అపోహ: బంధించి పెట్టే సెంటర్‌లో పడేస్తే దారికొస్తాడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నిషిద్ధం. ఎక్కడ చేర్చాలో తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేసి అడగండి.

ఈ ఏడు మాల వేసిన ఒకాయన కొండకు వెళ్లే ముందు వచ్చారు. నేను అడిగిన మొదటి ప్రశ్న, రైలు దిగాక స్టేషన్ నుంచి ఇంటికి ఎవరితో వెళ్తారని.

"మా ఆవిడ వస్తుంది మేడమ్. బస్సులో వెళ్తాం. ఆటో అయితే ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేస్తాడు."