గులాబీ వాసన వస్తే తీపి వైనేనా?

అపోహ: పూల వాసన వస్తోందంటే అది తియ్యటి వైనే.

ఫ్రాన్సులోని అల్సాస్ నుంచి వచ్చే గెవుర్ట్స్‌ట్రామినర్ (అదే పేరున్న ద్రాక్షతో చేసే తెల్ల వైన్) పోస్తే చాలు, గులాబీ, లిచీ వాసనలు గుప్పుమంటాయి. "అమ్మో, పాకంలా ఉంటుందేమోనండీ" అంటారు, ఇంకా చుక్క నోట్లో పడకముందే. గులాబీ అనగానే మనకు రోజ్‌మిల్కో, గులాబ్‌జామో గుర్తొస్తాయి కదా, తప్పు వాళ్లది కాదు. ముక్కు మూసుకుని ఒక గుక్క నోట్లో తిప్పి చూడండి. లిచీ మాయమవుతుంది. అప్పుడు కూడా నాలుక మీద తీపి నిలిస్తేనే చక్కెర మిగిలినట్టు. అనుమానం ఉంటే లేబుల్ చూడండి: అల్సాస్‌లో 2021 పంట నుంచి తీపి ఎంతో దాని మీద రాయాల్సిందే. 'సెక్' అంటే తీపి లేనిది, 'డూ' అంటే బాగా తీపి.

ఎసెన్స్ కలుపుతారన్న మాట కూడా వింటుంటాను. అక్కర్లేదు. గులాబీకి, లిచీకి ఆ వాసన తెచ్చే రోజ్ ఆక్సైడ్ ఈ ద్రాక్షలోనూ ఉంది.

అపోహ: వాసన ఎంత ఘాటుగా ఉంటే వైన్ అంత గొప్పది.

కొత్తలో నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. పేర్లు దాచి పెట్టిన టేస్టింగ్‌లో, అన్నిటికన్నా గుప్పుమన్న గ్లాసుకు ఎక్కువ మార్కులు వేశాను. అరగంటకు చల్లదనం తగ్గాక మళ్లీ రుచి చూస్తే నూనె తాగినట్టు జిడ్డుగా, చప్పగా ఉంది. ఈ ద్రాక్షకు పులుపు సహజంగానే తక్కువ. పండే కొద్దీ చక్కెర పెరుగుతుంది, ఉన్న పులుపూ జారిపోతుంది. కోత ఆలస్యమైతే మిగిలేది వాసన, ఆల్కహాల్ మాత్రమే. అందుకే ఇప్పుడు రుచి చూసి ఉమ్మేశాక, పులుపుకు దవడల పక్కన నీళ్లూరుతున్నాయా అని చూస్తాను. చివర్లో బత్తాయి తొక్క లాంటి కొద్దిపాటి చేదు ఉంటే మార్కులు తగ్గించను. అది ఈ రకం స్వభావమే.

అపోహ: రంగు ముదిరితే వైన్ పాతబడినట్టే.

ఈ ద్రాక్ష తొక్క గులాబీ రంగులో ఉంటుంది. కొత్త వైన్ కూడా బంగారు రంగు తిరుగుతుంది.

అపోహ: పేరులోనే మసాలా ఉంది, మన కారానికి సరిజోడు.

'గెవుర్ట్స్' అంటే జర్మన్‌లో మసాలా అన్నది నిజమే. అల్సాస్ వాళ్లు మాత్రం దీన్ని ఘాటైన మున్‌స్టర్ చీజ్‌తో తీసుకుంటారు. నేనొకసారి గుంటూరు కారం దట్టించిన కోడివేపుడుతో ఇచ్చాను. 14 శాతం ఆల్కహాల్ తగిలేసరికి మంట రెట్టింపైంది. రెండో గుక్కకు అందరూ మజ్జిగ అడిగారు.