సవర లెక్కలో ముప్ఫై తొమ్మిది

ఒడిశాలో గజపతి జిల్లా సంతల్లో బేరాలు తెలుగు, ఒడియా, సవర భాషల్లో వినిపిస్తాయి. తెలుగు, ఒడియా వాళ్లం పదుల్లో లెక్కపెడతాం. సవర లెక్క వేరు. పన్నెండు దాటాక పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అంటూ పందొమ్మిది దాకా వెళ్తుంది. ఆ తర్వాత ఇరవైల లెక్క. అంటే 39 అనాలంటే ఇరవై, పన్నెండు, ఏడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ పట్టుబట్టి నేర్చుకున్న భాష ఇదే.

కిలో చింతపండు 39 రూపాయలు అనుకుందాం. నాలుగు కిలోలు కావాలి. తెలుగాయన నోటిలెక్క: నాలుగు ముప్ఫైలు 120, నాలుగు తొమ్మిదులు 36, మొత్తం 156. సవర పద్ధతిలో నాలుగు ఇరవైలు 80, నాలుగు పన్నెండ్లు 48, నాలుగు ఏడులు 28. అదీ 156. ఇంకాస్త చురుకైనవాళ్లు నాలుగు నలభైలు చేసి నాలుగు తీసేస్తారు. సంఖ్యను ఎలా విడగొట్టినా జవాబు మారదని హామీ ఇచ్చేది విభాగ న్యాయం: a(b+c) = ab+ac. బడిలో చెప్పే ధర్మాలన్నిటిలో ఎక్కువ చాకిరీ చేసేది ఇదేనని నా అభిప్రాయం. కూడికనీ గుణకారాన్నీ కలిపి కట్టేది ఇదొక్కటే.

తీసివేత దగ్గర ఇంత వెసులుబాటు ఉండదు. (20−12)−7 అంటే 1. 20−(12−7) అంటే 15. బ్రాకెట్ కాస్త జరిగితే పద్నాలుగు తేడా! అందుకే బీజగణితం తీసివేతను రుణసంఖ్యల కూడికగా మార్చేస్తుంది. 20+(−12)+(−7) అని రాసుకుంటే ఎటునుంచి కలిపినా 1 వస్తుంది, సహచర ధర్మం (ఏ రెండింటిని ముందు కలిపినా జవాబు మారకపోవడం) మళ్లీ పనిచేస్తుంది.

రుణసంఖ్యలు రాగానే పిల్లలకి టెన్షన్ మొదలు. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు? 'రూలు అంతే' అనేస్తారు చాలామంది. నిజానికి కారణం రెండు వరుసల్లో ఉంది. (−3)×(2+(−2)) చూడండి. బ్రాకెట్లో సున్నా, కాబట్టి జవాబు సున్నా. విభాగ న్యాయంతో విప్పితే మొదటి ముక్క −6. రెండోది (−3)×(−2). రెండూ కలిసి సున్నా కావాలంటే అది +6 అయి తీరాలి. కాదంటే విభాగ న్యాయాన్ని వదులుకోవాలి, దాంతోపాటు చింతపండు లెక్కా పోతుంది.

√2×√3 = √6 అని హైస్కూలు పిల్లలు ఒక్క వరుసలో రాసేస్తారు. ఎడమవైపు దాన్ని దానితోనే గుణించి, √2లను ఒకచోటికి, √3లను ఒకచోటికి జరిపితే 2×3, అంటే 6. సరిపోయింది. కానీ అలా జరపడానికి స్థిత్యంతర (ab = ba), సహచర ధర్మాలు √2కి కూడా వర్తించాలి కదా! √2 లాంటి, ముగింపూ ఆవృత్తీ లేని దశాంశాలను గుణించడం అంటే అసలేమిటి? జర్మన్ గణితజ్ఞుడు రిచర్డ్ డెడెకిండ్ ఈ సంగతి తేలుస్తూ 1872లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఇలాంటి సమీకరణాలను తనకు తెలిసినంతలో అప్పటిదాకా ఎవరూ సరిగ్గా నిరూపించలేదని కూడా రాశాడు. ఆయన ఉపాయం ఇది: అకరణీయ సంఖ్యలన్నిటినీ (పూర్ణసంఖ్యల భిన్నాలుగా రాయగలిగేవి), ఎడమ గుంపులోని ప్రతిదీ కుడి గుంపులోని ప్రతిదానికన్నా చిన్నదయ్యేలా, రెండుగా కోయాలి. వర్గం 2 దాటిన ధనసంఖ్యలన్నీ కుడివైపు, మిగతావన్నీ ఎడమవైపు పెడితే ఆ కోతే √2. కోతల కూడికనీ గుణకారాన్నీ అటూ ఇటూ ఉన్న అకరణీయ సంఖ్యలతోనే నిర్వచిస్తారు కాబట్టి, వాటి ధర్మాలు కోతలకీ సంక్రమిస్తాయి.