ఇడ్లీ తెల్లగా, కేకు ఎర్రగా

ఇడ్లీని ఎంతసేపు ఉడికించినా ఎర్రబడదు. అదే కుక్కర్‌లో, అదే స్టవ్ మీద పెట్టిన కేకు మాత్రం ముప్పావుగంట తిరిగేసరికి అంచులూ అడుగూ ఎర్రగా కాలి, ఇల్లంతా ఘుమఘుమలాడిస్తుంది. పక్కనే నిలబడి చూసే పిల్లలు ‘ఎందుకని?’ అని అడగకుండా ఉండరు. అసలు సంగతంతా నీళ్లలో ఉంది.

నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. అడుగున నీళ్లున్నంతసేపు, మంట ఎంత పెంచినా ఇడ్లీకి తగిలే ఆవిరి వేడి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. వెయిట్ పెట్టి ప్రెషర్ రానిచ్చినా 120 డిగ్రీల దాకానే. పిండిలోని ప్రోటీన్లు, చక్కెరలు కలిసి చకచకా ఎర్రబడాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. ఈ మార్పును 1912లో లూయీ కమీల్ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. అందుకే దీనికి మయ్యార్ చర్య అని పేరు. కాఫీ గింజలు వేగేటప్పుడు వచ్చే వాసనలోనూ, దోసె అంచు కరకరలాడే చోట వచ్చే రుచిలోనూ దీని పాత్ర ఉంది.

కేకు కోసం కుక్కర్‌కు గాస్కెట్, వెయిట్ తీసేసి, నీళ్లకు బదులు అడుగున ఉప్పో ఇసుకో పోస్తాం. నీళ్లు లేవు కాబట్టి లోపలి గాలి 100 డిగ్రీల దగ్గర ఆగిపోదు. కేకు నడిమి భాగంలో మాత్రం తడి ఉంటుంది, అక్కడ వేడి 100 దాటదు. అందుకే అంచు ఎర్రగా కాలినా లోపల లేత రంగులో మెత్తగా ఉంటుంది.

దీన్ని పిల్లలకు చెప్పేకంటే చూపించడం తేలిక. ఒకే గిన్నెలోని పిండిని సగం ఇడ్లీ పళ్లాల్లో, సగం నూనె వేసిన మందపాటి మూకుడులో దిబ్బరొట్టెగా వేయండి. ఇడ్లీ తెల్లగా వస్తుంది, రొట్టె అడుగు ఎర్రగా వస్తుంది. పిండి ఒకటే, వేడి వేరు. నా దృష్టిలో బేకింగ్ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి లేదు, ఓవెన్ కొనాల్సిన పని కూడా లేదు.

ఇక పొంగడం. ఇడ్లీ పిండిని రాత్రంతా సూక్ష్మజీవులు పులియబెట్టి గాలి బుడగలు నింపుతాయి. కేకులో ఆ పని వంటసోడా క్షణాల్లో చేస్తుంది. పుల్లటి పెరుగులో చెంచాడు సోడా వేసి చూడమనండి. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలవగానే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, బుసబుసా నురుగు పైకి లేస్తుంది. ఐదేళ్ల పిల్లలు ‘మళ్లీ వెయ్యి, మళ్లీ వెయ్యి’ అని గోల చేస్తారు. చెయ్యనివ్వండి. ఆ నురుగు కాసేపటికి అణిగిపోవడం కూడా వాళ్లు చూడాలి. అప్పుడు సోడా కలిపిన పిండిని వెంటనే పొయ్యెక్కించాలని ఎందుకు తొందరపెడతామో వాళ్లకే తెలుస్తుంది.

బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు ఆమ్లం కూడా పొడిగా కలిపే ఉంటుంది. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన ఈస్ట్ పడని తన భార్య కోసం దాన్ని తయారుచేశాడు. ఒక మనిషికి ఇష్టంగా తినిపించాలన్న తాపత్రయంలోంచి ఇంత ఉపయోగపడే రసాయనం రావడం నాకు ఎంతో నచ్చుతుంది.

వెన్న, చక్కెర గిలక్కొట్టి చేసే కేకులు విజయవాడలో డిసెంబరు, జనవరి నెలల్లో బాగా కుదురుతాయి. చక్కెర పలుకులు మెత్తటి వెన్నలోకి గాలిని చొప్పిస్తాయి, కేకుకు ఆ గాలే బలం. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, కరిగిన వెన్నలో గాలి నిలవదు. అందుకని ఎండాకాలం సెలవుల్లో నూనె, పెరుగు, సోడాతో చేసే కేకే మేలు. పెరుగు కూడా అప్పుడు చక్కగా పులిసి ఉంటుంది.

పిల్లలకు ఏ పని ఇవ్వాలన్నదీ ఆలోచించే ఇవ్వాలి. పెరుగు, చక్కెర, నూనె ఎంతసేపు కలిపినా నష్టం లేదు, ఆ పని వాళ్లది. మైదా పడ్డాక మాత్రం గరిటె పెద్దవాళ్ల చేతికి రావాలి. మైదాకు తడి తగిలితే అందులోని ప్రోటీన్లు సాగే గ్లూటెన్‌గా మారతాయి. ఎక్కువ కలిపితే కేకు గట్టిపడుతుంది. పూరీ పిండికి ఈ సాగే గుణమే కావాలి, కేకుకు అక్కర్లేదు. పచ్చి పిండిని మాత్రం నాకనివ్వకండి. గుడ్డులోనే కాదు, పచ్చి మైదాలోనూ జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు. నీళ్లు లేకుండా కాగిన కుక్కర్ దగ్గరికి పిల్లల్ని అసలు రానివ్వకూడదు.

కేకు కాలుతుండగా మధ్యలో మూత తీసి చూద్దామని పిల్లలు గోల పెడతారు. పిండిలోని పిండిపదార్థం, గుడ్డు వేస్తే గుడ్డులోని ప్రోటీనూ గట్టిపడేదాకా బుడగలకు ఆధారం ఉండదు. అప్పుడు మూత తీస్తే వేడి తగ్గి కేకు కుంగుతుంది. చిన్నపిల్లలు ముప్పావుగంట ఆగలేరు కాబట్టి, వాళ్ల వంతు పిండిని చిన్న స్టీలు గిన్నెల్లో పోయండి. నడిమికి వేడి త్వరగా చేరుతుంది కనుక పెద్ద కేకు కంటే చాలా ముందే ఉడుకుతాయి, దించాక త్వరగా చల్లారుతాయి కూడా.