సోడియం కూడా ఊరికే ఇవ్వదు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిట్టికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జిగాడు గడగడా అప్పజెప్పాడు: లోహాలు ఎలక్ట్రాన్లని ఇచ్చేస్తాయి, అలోహాలు తీసుకుంటాయి అని. పరీక్షకి చాలు గానీ, ఆ "ఇచ్చేస్తాయి" అన్న మాట నాకు మింగుడుపడదురా.

విడిగా ఉన్న సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాగాలంటే మోల్‌కి (అంటే ఒక నిర్ణీత సంఖ్యలో పరమాణువులకి) 496 కిలోజౌళ్ళు ఖర్చు. అదే అయనీకరణ శక్తి. క్లోరిన్‌కైతే 1251. అంటే సోడియం దాతేమీ కాదు, కాస్త చవక బేరం, అంతే. రెండింటికీ ఎలక్ట్రాన్లుండే పొరలు, అంటే కర్పరాలు, మూడేసే. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లు. లోపలి పది ఎలక్ట్రాన్లు అడ్డుండడంతో బయటి ఒక్కదాని మీద పట్టు తక్కువ. క్లోరిన్‌లో 17 ప్రోటాన్లు, లోపలి అడ్డు మాత్రం అదే పది. అందుకే బయటి ఏడింటినీ బిగబట్టుకుంటుంది. సోడియంనే రెండో ఎలక్ట్రాన్ అడిగి చూడండి, 4562 అంటుంది!

ఆ ఎలక్ట్రాన్ క్లోరిన్‌కి చేరితే తిరిగొచ్చేది 349 మాత్రమే. ఇంకా లోటే. అలా ఎలక్ట్రాన్ పోయిన సోడియం, వచ్చిన క్లోరిన్, అంటే అయాన్లు, ఉప్పు స్ఫటికంగా పేరుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి ఆ లోటు తీరుస్తుంది.

అయనీకరణ శక్తి లోహాలకు తక్కువ, అలోహాలకు ఎక్కువ అన్నది కూడా మొత్తం మీద చెప్పే మాటే. లోహమైన పాదరసానికి 1007, అలోహమైన గంధకానికి 1000!

ఇక చిట్టి ప్రశ్న. ఇనుముకి 762, జింకుకి 906 కదా, మరి మన సముద్రపు గాలికి జింకు పూత రేకులో ముందు జింకే ఎందుకు పోతుందని. శభాష్. ఆ అంకెలు వాయువులా విడివిడిగా ఉన్న పరమాణువులవి. రేకులోని పరమాణువు ముందు తోటివాటి నుంచి ఊడి రావాలి. అందుకు జింకుకి 130 చాలు, ఇనుముకి 400 పైమాటే. తర్వాత రెండేసి ఎలక్ట్రాన్లు పోవాలి, ఆ అయాన్లని నీళ్ళు చుట్టుముట్టినప్పుడు కొంత శక్తి వెనక్కి రావాలి. అన్నీ కలిపితే జింకుకే ఖర్చు తక్కువ. అది పోతున్నంతకాలం కింది ఇనుముకి ఢోకా లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీది రేకులు చూడండి. తెల్లటి పొడి ఉంటే అది జింకుది. ఎర్రమరక కనిపిస్తే అక్కడ పూత అయిపోయినట్టే, నాన్నకి చెప్పి రంగు వేయించాలి.

మీ తాతయ్య