కొండల మీద గాలిమరలు: అపోహలు - వాస్తవాలు

పవన విద్యుత్ కేంద్రాల వల్ల పరిసరాల రూపం ఎంత మారుతుందో అంచనా వేయడం నా పని. స్థల ఎంపికపై జరిగే చర్చల్లో ఇరుపక్షాల నుంచీ తరచుగా వినిపించే కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: మైదానాలుండగా అందమైన కొండలనే ఎంచుకోవడం కంపెనీల మొండితనం.

వాస్తవం: గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలికి బదులు 7 మీటర్ల గాలి దొరికితే, వేగం పెరిగింది ఆరో వంతే అయినా శక్తి దాదాపు 59 శాతం పెరుగుతుంది. వాలు ఎక్కే గాలి శిఖరం దగ్గర వేగం పుంజుకుంటుంది కనుక కొండలపై ఆసక్తి సహజమే. అయితే గాలిమరలను శిఖరానికి కాస్త వెనక్కి జరిపితే, లోయలోని ఊరికి కనీసం టవర్ల కింది భాగం కనిపించకుండా పోతుంది. దానివల్ల తగ్గే ఉత్పత్తి ఎంతో లెక్కగట్టి ప్రజల ముందు పెట్టకపోవడం మాత్రం మా వృత్తిలోని లోపమే.

అపోహ: అందం ఎవరి అభిరుచి వారిది, దానికి కొలతలుండవు.

వాస్తవం: అభిరుచిని కొలవలేకపోయినా, ఏది ఎక్కడి నుంచి ఎంత కనిపిస్తుందో కొలవవచ్చు. నేల ఎత్తుపల్లాల వివరాలతో, టవర్లు కనిపించే ప్రాంతాలన్నింటినీ గుర్తించే పటం తయారవుతుంది. చెట్లనూ ఇళ్లనూ లెక్కలోకి తీసుకోని పటమైతే ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. ఆ తర్వాత ఎంచుకున్న చోట్ల తీసిన ఫోటోల్లో గాలిమరల బొమ్మలను అమరుస్తారు. తిరకాసు ఇక్కడే ఉంది. ఎక్కువ వెడల్పును పట్టే వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీస్తే దూరపు టవర్లు అగ్గిపుల్లల్లా కనిపిస్తాయి కనుక, ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసిన చిత్రాలనే అడగండి. ఫోటో తీసే చోట్లను కూడా గ్రామస్థులే సూచించడం మంచిది.

అపోహ: గాలిమర ఎంత ఎత్తుగా ఉంటే దృశ్యానికి అంత హాని.

వాస్తవం: పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరుగుతాయి, అంతే విద్యుత్తుకు తక్కువ గాలిమరలు సరిపోతాయి. కానీ అవి మరింత దూరానికి కనిపిస్తాయి, రాత్రి విమానాల కోసం హెచ్చరిక దీపాలు కావాలి. విమానం సమీపించినప్పుడే వెలిగే దీపాలు ఇప్పుడున్నాయి.

అపోహ: చప్పుడు, నీడల గురించిన ఫిర్యాదులన్నీ ఊహలే.

వాస్తవం: కావు, అందుకే పరిమితులున్నాయి. పల్లెల్లో విడిగా ఉన్న ఇళ్ల దగ్గర, సెకనుకు 8 మీటర్ల గాలిలో డెన్మార్క్ అనుమతించే శబ్దం 44 డెసిబెల్స్. తిరిగే రెక్కల నీడ ఒక ఇంటిపై ఏడాదికి 30 గంటలకు, రోజుకు 30 నిమిషాలకు మించి పడకూడదన్నది జర్మనీలో పాటించే ప్రమాణం.

అపోహ: కాలం తీరాక అన్నీ తీసేస్తారు, కొండ మళ్లీ యథాతథం.

వాస్తవం: ఇది సాధారణంగా కంపెనీల పక్షం నుంచి వచ్చే మాట. టవర్లూ రెక్కలూ వెళ్లిపోతాయి గాని, కాంక్రీటు పునాదిని చాలాచోట్ల పైభాగం మాత్రమే తొలగించి మట్టి కప్పుతారు. అంతకన్నా స్పష్టంగా మిగిలేది, భారీ రెక్కలను చేరవేయడానికి కొండను తొలిచి వేసిన దారి. దరఖాస్తు చేతికి రాగానే నేను ముందుగా తెరిచేది ఆ దారి పటాన్నే.