ములుగు భూకంపం తర్వాత వచ్చిన ఫోన్లు: అపోహలు - వాస్తవాలు

2024 డిసెంబరు 4, ఉదయం ఏడున్నర కావస్తోంది. హైదరాబాద్‌లో భూకంపాలను నమోదు చేసే మా తెర మీద ముందు సన్నటి వణుకు, పాతిక సెకన్లు గడిచాక అసలు కుదుపు. మొదటిది వేగంగా వచ్చే పి తరంగం, రెండోది వెనక నెమ్మదిగా వచ్చే ఎస్ తరంగం. మధ్యలో ఎన్ని సెకన్లున్నాయో చూసి ఎనిమిదితో గుణిస్తే దూరం కిలోమీటర్లలో ఇంచుమించు తేలిపోతుంది. 25 ఇంటూ 8, రెండు వందలు. ములుగు వైపు, తీవ్రత 5.3. ఇక ఫోన్లు మొదలయ్యాయి.

అపోహ: మనది దక్కన్ పీఠభూమి, పలకల అంచు కాదు. ఇక్కడికి భూకంపం రాదు.

భూమి పైపొర పెద్దపెద్ద రాతి పలకలుగా విడిపోయి ఉంది. ఎక్కువ భూకంపాలు వాటి అంచుల్లోనే వస్తాయన్నది నిజమే. మన పలక ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. హిమాలయాలు లేచిందీ, 2015లో నేపాల్ కంపించిందీ అందుకే. కానీ తలుపును ఒక అంచున బలంగా నొక్కితే చెక్కలో పాత చీలిక ఎక్కడుందో అక్కడ కిర్రుమంటుంది. గోదావరి లోయ అలాంటి చీలికే. కోట్ల ఏళ్ల కిందటి గోండ్వానా కాలంలో నేల చీలి కుంగిన పల్లం అది. సింగరేణి బొగ్గు ఆ పల్లంలో పేరుకున్నదే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అంటే ములుగు కొత్త వింతేమీ కాదు, మనం మర్చిపోయామంతే.

అపోహ: చిన్నచిన్నవి వచ్చిపోతే ఒత్తిడి తగ్గి, పెద్దది తప్పిపోతుంది.

లెక్క కుదరదు. తీవ్రత స్కేలు మీద ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు, రెండు పెరిగితే వెయ్యి రెట్లు. ఒక్క 7కు బదులు వెయ్యి 5లు రావాలి.

అపోహ: బోర్లు వేయడం వల్లే ఇదంతా.

వెయ్యి అడుగుల బోరు 300 మీటర్లు. భూకంపాలు పుట్టే లోతును మేం కిలోమీటర్లలో చెబుతాం. అయితే నీటికి అసలు సంబంధమే లేదనలేను. మహారాష్ట్రలోని కోయనా జలాశయం నిండాక అక్కడ ప్రకంపనలు మొదలై, 1967 డిసెంబరు 11న 6కు మించిన భూకంపం వచ్చింది. పుకారులో ఇలా పావలా వంతు నిజం ఉన్నప్పుడే మాకు టెన్షన్.

అపోహ: పలకలు లావా సముద్రం మీద తేలుతున్నాయి, పగిలితే పైకి తన్నుకొస్తుంది.

కింద ఉన్నది చాలావరకు ఘనమే. పార్సిళ్లకు వేసే లక్కను చూడండి: సుత్తితో కొడితే పగులుతుంది, ఎండలో వదిలేస్తే మెల్లగా జారుతుంది. పలకల కిందున్న రాయిదీ దాదాపు అదే గుణం. అండమాన్, సుమత్రాల దగ్గర సముద్రపు పలక కిందికి దూరేటప్పుడు తన రాళ్లలో నీటిని మోసుకెళ్తుంది. ఆ నీరు చేరితే వేడి రాయి తేలిగ్గా కరుగుతుంది. బారెన్ దీవి అగ్నిపర్వతం అలా పుట్టిందే. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ రగిలింది. హిమాలయాల దగ్గర ఇప్పుడు ఢీకొంటున్నవి రెండూ మందపాటి ఖండాలే, కిందికి దిగే సముద్రపు పలక లేదు. కాబట్టి భూకంపాలున్నాయి, అగ్నిపర్వతాల్లేవు.

ఇక చివరి ఫోను ఖమ్మం నుంచి, మా పిన్నిది. "ఏరా, రాత్రికి ఇంకా పెద్దది వస్తదంట గదా, వాట్సాప్‌ల పెట్టిన్రు. వాకిట్ల పండుకోమంటవా?" ఏ రోజు, ఏ గంటకు అని ముందే చెప్పే విద్య ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదన్నాను. తర్వాత ప్రకంపనలు రావచ్చు, సాధారణంగా చిన్నవే. నా భయమల్లా ఆమె మంచం పక్కనున్న పాత రాతిగోడ గురించి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో సుమారు పది వేలమంది పోయింది ఎక్కువగా అలాంటి మట్టి అడుసు, రాతి గోడల కిందే. మంచం హాల్లోకి జరపమన్నాను, అటక మీది ఇత్తడి బిందెలు దించమన్నాను.

బిందెలు దించింది. మంచం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, ఫ్యాన్ గాలి అక్కడే బాగా తగులుతుందట.