వజ్రం నుంచి న్యూట్రాన్ దాకా: బెంగళూరులో కాంతి, కేంద్రక పరిశోధనల తొలి రోజులు

జాతీయ విజ్ఞాన దినోత్సవం దగ్గరపడితే బెంగళూరులోని తెలుగు ఇళ్లలో బడిపిల్లలు రామన్ గురించి వ్యాసాలు రాస్తుంటారు. సముద్రపు నీలం, ఫిబ్రవరి 28, నోబెల్ బహుమతి: కథ అక్కడితో ముగుస్తుంది. అణు పరిశోధన మాట వస్తే భాభా, ముంబై అంటాం. ఈ రెంటినీ ఇలా విడదీసి చెప్పడం చరిత్రకు అన్యాయం. ఊళ్లో పెద్దలు నేటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఈ రెండు పరిశోధనలూ కొన్నేళ్లు పక్కపక్కనే నడిచాయి.

అసలు రామన్ తన ఆవిష్కరణను సవివరంగా ప్రకటించింది కూడా బెంగళూరులోనే. 1928 మార్చి 16న దక్షిణ భారత విజ్ఞాన సంఘం సభలో ఆయన చేసిన ప్రసంగమే అది. అది ఒక్క రోజులో దొరికిన ఫలితం కాదు. 1923లోనే ఆయన శిష్యుడు కె.ఆర్.రామనాథన్ కలకత్తాలో ద్రవాల నుంచి చెదిరిన కాంతిలో రంగు మారిన మసక వెలుగును చూశారు. మలినాల వల్ల వచ్చిందేమోనని ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేసినా అది పోలేదు. అయిదేళ్ల తర్వాత కె.ఎస్.కృష్ణన్‌తో కలిసి రామన్ సుమారు 60 ద్రవాలను పరీక్షించాకే దాని సంగతి తేలింది: అణువులను తాకి చెదిరినప్పుడు కాంతిలో కొద్ది భాగం రంగు మార్చుకుంటుంది. రామన్ ప్రభావం అంటే ఇదే.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఆ ఏడాదే, 1928లో, రామన్ దగ్గర చేరారు. 1931లో ఆ ఇద్దరూ, చెదిరిన కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగం ఊగే దిశను కొలిచి, ఫోటాన్ అనే కాంతికణానికి స్పిన్ (స్వతస్సిద్ధమైన భ్రమణ గుణం) ఉందనడానికి ప్రయోగపూర్వక సాక్ష్యం చూపారు. అణువుల గురించి తెలుసుకోవడానికి మొదలైన పని ఏకంగా కాంతికణం స్వభావాన్నే పట్టిచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక్క పేజీ అయినా దక్కవలసింది. భగవంతం తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులయ్యారు. అక్కడే కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పినవారు గోదావరి సీమలో పుట్టిన స్వామి జ్ఞానానంద. అంటే వాల్తేరులోనూ ఈ రెండు శాఖలు ఒకే ప్రాంగణంలో పెరిగాయి.

రామన్ 1933లో బెంగళూరు వచ్చి సంస్థ డైరెక్టరయ్యారు. 1935లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ను రప్పించారు కానీ ఆయనను శాశ్వతంగా నిలుపుకోలేకపోయారు. 1939లో సెలవుకని ఇంగ్లండ్ నుంచి వచ్చిన హోమీ భాభా, యుద్ధం మొదలవడంతో ఇక్కడే ఆగిపోయి రామన్ విభాగంలో చేరారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల పరిశోధన విభాగం అలా ఏర్పడింది. భాభా నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) 1945 జూన్‌లో మొదలైందీ ఇక్కడే. ఆ ఏడాది చివరికి అది బొంబాయికి తరలింది.

ఈ రెండు దారుల్లోనూ నడిచిన మనిషి ఆర్.ఎస్.కృష్ణన్. కె.ఎస్.కృష్ణన్ వేరు, ఈయన వేరు. బెంగళూరులో రామన్ దగ్గర కొల్లాయిడ్ ద్రవాల్లో (అతి సూక్ష్మ రేణువులు తేలియాడే ద్రవాల్లో) కాంతి పరిక్షేపణం, అంటే చెదరడం మీద పనిచేసి, 1938లో కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ కణాల వేగం పెంచే సైక్లోట్రాన్ యంత్రం నుంచి వచ్చే డ్యూటెరాన్‌లతో (భార హైడ్రోజన్ కేంద్రకాలతో) బరువైన మూలకాలను తాడించి, వాటి కేంద్రకాల్లో వచ్చే మార్పులను పరిశోధించారు. తిరిగొచ్చాక ఆయన చేతికి వచ్చింది వజ్రం.

వజ్రంలో పరమాణువులు కంపించడం వల్ల, దాని నుంచి చెదిరే కాంతి వర్ణపటంలో కొత్త గీతలు పడతాయి. వాటిలో అందరికీ తెలిసినది 1332 సెం.మీ.⁻¹ (పౌనఃపున్యంలో వచ్చిన మార్పును చెప్పే కొలత) దగ్గరి ఒక్క గీత. దానికి తోడుగా ఉండే అతి మసక గీతలు దీపపు తీవ్రకాంతిలో మునిగిపోయేవి. కృష్ణన్ పాదరస దీపం నుంచి 2536.5 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని వాడారు. గాజు ఆ కాంతిని మింగేస్తుంది కనుక పరికరమంతా క్వార్ట్జ్‌తోనే ఉండాలి. కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటమాపకం ముందు కొద్దిగా పాదరస ఆవిరి నింపితే చాలు, మారకుండా వచ్చిన కాంతిని అదే పీల్చేసుకుంటుంది. వజ్రం మార్చి పంపిన కాంతి మాత్రం దాటిపోతుంది. దీర్ఘకాలం ఎక్స్‌పోజ్ చేసిన ఫొటో ఫలకాల మీద ఇంతవరకూ ఎవరూ చూడని గీతలు తేలాయి.

ఆ గీతల అర్థం మీదే పెద్ద వివాదం ముదిరింది. స్ఫటికంలో పరమాణువులు కొన్ని నిర్దిష్ట పౌనఃపున్యాలతోనే కంపిస్తాయని, తన వాదానికి ఇదే రుజువని రామన్ అన్నారు. కంపనాలు అవిచ్ఛిన్నంగా పరచుకుని ఉంటాయన్నది బోర్న్ సిద్ధాంతం. 1948లో ఎడిన్‌బరోలో హెలెన్ స్మిత్ ఆ సిద్ధాంతంతోనే లెక్కగట్టి వజ్రం వర్ణపటాన్ని వివరించారు. రామన్ ఒప్పుకోలేదు. ఆయన పట్టుదలను గౌరవిస్తూనే, ఈ విషయంలో ఆయన పొరబడ్డారని చెప్పక తప్పదు. కృష్ణన్ కొలతలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గీతల మీద ఇరుపక్షాలకూ సందేహం లేదు, తగవంతా వాటి భాష్యం మీదే.

కంపనాల తీరు నేరుగా కొలవడానికి కాంతి చాలలేదు. 1950లలో కెనడాలో భౌతిక శాస్త్రవేత్త బ్రాక్‌హౌస్, అణు రియాక్టర్ నుంచి వచ్చే న్యూట్రాన్‌లను స్ఫటికాల మీదికి పంపి, అవి పోగొట్టుకున్న, పొందిన శక్తిని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1960లలో వజ్రాన్నీ అలాగే కొలిచారు. ఫలితాలు బోర్న్ చెప్పిన తీరునే చూపాయి. ముంబై దగ్గరి ట్రాంబేలో అప్సర అణు రియాక్టర్ 1956లో పనిచేయడం మొదలుపెట్టాక శాస్త్రవేత్త పి.కె.అయ్యంగార్ బృందం ఇదే పద్ధతిని మన దేశంలోనూ చేపట్టింది. ఆ మరుసటి ఏడాది బెంగళూరు సంస్థకు డైరెక్టరుగా వచ్చినవారు భగవంతం. యువకుడిగా కలకత్తాలో ఆయన పరిశోధించిన స్ఫటికాల్లో వజ్రం కూడా ఉంది.